ధర్మానికి నడిపే విమానాలు – వాటికి నిబంధనలు

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. ముప్పై నాలుగేళ్ళు ట్రెజరీలో గుమాస్తాగా పనిచేశాను. ఇతరులు పెట్టిన బిల్లుల మీద ఎర్ర సిరాతో అభ్యంతరాలు రాయడమే నాకు తెలిసిన రచన. అలాంటివాణ్ణి పట్టుకుని కార్యదర్శి గారు "విమానాల గురించి మాట్లాడతానన్నావట కదా, మాట్లాడు" అన్నారు. మన సంఘానికీ విమానాలకూ ఏమిటి సంబంధం అని మీలో చాలామందికి అనిపించే ఉంటుంది. సంబంధం ఉంది. మనవి చేస్తాను.

పోయిన కార్యవర్గ సమావేశంలో ఒక మంచి ప్రతిపాదన వచ్చింది. కారున్న సభ్యులు, కారులేని జబ్బు సభ్యులను విజయవాడ ఆసుపత్రులకు తీసుకువెళ్ళి తీసుకురావాలని. పెట్రోలు ఖర్చు మటుకు జబ్బు మనిషి గానీ సంఘం గానీ పెట్టుకోవాలి, మిగతాది సేవ. అందరూ చప్పట్లు కొట్టారు. నేనొక్కణ్ణే లేచి రెండు అభ్యంతరాలు చెప్పాను. ఒక మిత్రుడు నవ్వి, "రిటైరై పదహారేళ్ళయినా ఈయనకి ఆబ్జెక్షన్ మెమో రోగం తగ్గలేదు" అన్నాడు. తీర్మానం ఈ సర్వసభ్య సమావేశానికి వాయిదా పడింది. నేను అడ్డుపుల్ల వేశానని కొందరికి కోపంగా ఉన్న సంగతి నాకు తెలుసు. కోపగించుకునే ముందు నా మాట కాస్త వినమని ప్రార్థన.

2019లో మా అమ్మాయి దగ్గర మెల్‌బోర్న్‌లో అయిదు నెలలున్నాను. మా అల్లుడు సాఫ్ట్‌వేరు ఉద్యోగి. సెలవు రోజున, వీలైతే పనిరోజున కూడా, కారేసుకుని విమానాశ్రయానికి వెళ్ళేవాడు. ఎవర్ని తీసుకురావడానికయ్యా అంటే, "ఎవరో నాకూ తెలియదు మామయ్యగారూ, ఊళ్ళ నుంచి వచ్చే పేషెంట్లు" అన్నాడు. ఒకరోజు నేనూ కూడా వెళ్ళాను. పెద్ద విమానాశ్రయం కాదు, ఎసెండన్ అని నగరంలోనే ఉన్న చిన్నది. మన అంబాసిడర్ కారుకి రెక్కలు తగిలించినట్టున్న ఒక బుల్లి విమానం వచ్చి ఆగింది. అందులోంచి ఒక రైతు, కాన్సర్ వైద్యానికి వచ్చిన ఆయన భార్య దిగారు. నడిపినాయన దాదాపు నా ఈడువాడే, పళ్ళ డాక్టరుగా చేసి మానేశాడట. విమానం ఆయన సొంతం. ఆమె దిగేదాకా ఆయనే చెయ్యి పట్టుకున్నాడు, ఆమె దిండు ఆయనే మోశాడు. మా అల్లుడు వాళ్ళను ఆసుపత్రి దగ్గర దింపాడు. ఎవరూ ఎవరికీ డబ్బివ్వలేదు. నాకు కళ్ళు చెమర్చాయి, ఆ మాట దాచుకోను.

ఆ సంస్థ పేరు ఏంజెల్ ఫ్లైట్ ఆస్ట్రేలియా. 2003లో బిల్ బ్రిస్టో అనే వ్యాపారవేత్త మొదలుపెట్టాడు. ఆ దేశం మన రెండు తెలుగు రాష్ట్రాల్లా కాదు. ఊరికీ ఊరికీ మధ్య వందల కిలోమీటర్లు. ఒక స్పెషలిస్టు డాక్టరును చూడాలంటే ఎనిమిది గంటలు, పది గంటలు కారులో కూర్చోవాలి. జబ్బు మనిషి కూర్చోగలడా? అందుకని, సొంత విమానం ఉండో, అద్దెకు తీసుకునో సరదాగా ఎగిరే పైలట్లను ఒకచోట చేర్చి, "ఎలాగూ ఎగురుతారు కదా, ఒక రోగిని కూర్చోబెట్టుకోండి" అన్నారు. ఇది అంబులెన్సు కాదు. ప్రాణాపాయంలో ఉన్నవాళ్ళ కోసం ఆ దేశంలో రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసని వేరే వ్యవస్థ 1928 నుంచీ ఉంది. ఇక్కడ రోగి తనంతట తను విమానం ఎక్కి కూర్చోగలగాలి. పైలట్ శ్రమ ఉచితం, విమానం ఉచితం. ఇంధనం ఖర్చు విషయంలో సంస్థ సాయపడుతుంది. అమెరికాలో ఇలాంటి సంస్థలు ఇంకా ముందు నుంచీ ఉన్నాయి.

ఇక కథలో రెండో సగం. నేను అక్కడ ఉండగానే, 2019 ఆగస్టులో, ఒక ప్రమాదం మీద విచారణ నివేదిక వెలువడింది. అల్లుడు ఇంట్లో ఆ సంగతి చదువుతూ భోజనం మానేశాడు. అప్పుడే నేను కూడా పట్టుబట్టి దాని సంగతులు తెలుసుకున్నాను. ఫైలు కనపడితే చదవకుండా ఉండలేని జన్మ కదా.

ప్రమాదం జరిగింది 2017 జూన్ 28న, దక్షిణ ఆస్ట్రేలియాలోని మౌంట్ గాంబియర్ అనే ఊరి దగ్గర. ఒక తల్లీ, పదహారేళ్ళు నిండీనిండని కూతురూ అడిలైడ్‌లో డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. పైలట్ వేరే ఊరు నుంచి ఉదయమే విమానం తెచ్చి వీళ్ళను ఎక్కించుకున్నాడు. ఆ ఉదయం అక్కడ మేఘం నేలకు దిగి ఉంది. ఆ పైలట్ కంటికి దారి కనపడినప్పుడే నడపవలసిన తరహా పైలట్. మేఘంలో పరికరాలు మాత్రమే చూసుకుంటూ నడపడానికి వేరే శిక్షణ, వేరే అర్హత ఉంటాయి. అవి ఆయనకు లేవు. విమానం లేచిన సుమారు 70 సెకన్లకు నేలను గుద్దుకుంది. ముగ్గురూ పోయారు.

ఇది మొదటిది కాదు. 2011 ఆగస్టు 15న, విక్టోరియా రాష్ట్రంలో హోర్షమ్ దగ్గర, మెల్‌బోర్న్‌లో వైద్యం చేయించుకుని నిల్ అనే తమ ఊరికి తిరిగి వెళుతున్న తల్లీకూతుళ్ళు, వాళ్ళను తీసుకువెళుతున్న పైలట్ ఇలాగే పోయారు. బయలుదేరింది నేను చూసిన ఆ ఎసెండన్ నుంచే. ఆ రోజు అడ్డం వచ్చింది చీకటి. ఊరు చేరేలోపల వెలుతురు పోయింది.

పాపం, అనుభవం లేనివాళ్ళేమో అనుకుంటాం. మేఘంలో ఏం జరుగుతుందో కొంచెం చెప్పాలి. 1954లో అమెరికాలో ఇలినాయిస్ విశ్వవిద్యాలయం వారు ఒక పరీక్ష చేశారు. పరికరాలతో నడిపే శిక్షణ లేని ఇరవైమందిని విమానంలో కూర్చోబెట్టి, బయట ఏమీ కనపడకుండా చేసి, నడపమన్నారు. ఇరవైమందీ అదుపు తప్పారు. ఒక్కడు కూడా నిలబడలేదు. ఒకాయనకు 20 సెకన్లు పట్టింది, మరొకాయనకు 480. సగటున 178 సెకన్లు, అంటే మూడు నిమిషాల లోపు. ఎందుకంటే కళ్ళు మూసుకుపోగానే మనకు తిన్నగా ఉన్నామో వంగి ఉన్నామో చెప్పేది చెవిలోని ద్రవం. విమానం నెమ్మదిగా ఒరిగితే అది పట్టుకోలేదు. తిన్నగానే ఉన్నాననుకుంటూ మనిషి సుడి తిరుగుతూ కిందికి పోతాడు. మన సభ్యుల్లో కళ్ళు తిరిగే జబ్బున్నవారికి ఈ చెవి సంగతి వేరే చెప్పనక్కరలేదు. పక్కన డాక్టరుగారు నిటారుగా కూర్చోమంటున్నా గోడ ఒరిగినట్టే ఉంటుంది.

కాబట్టి నైపుణ్యం ప్రశ్న కాదు. అసలు ఆ పొద్దున బయలుదేరవలసిందా, లేదా అన్నదే ప్రశ్న. ఆ రెండు విమానాల్లో దేనికీ మరమ్మతు లోపం కారణం కాదు.

ఇంక ప్రభుత్వం వారి సంగతి. ఆస్ట్రేలియాలో విమాన భద్రతకు కాసా అనే అథారిటీ ఉంది. ప్రమాదాలను విచారించే బ్యూరో వేరు. కాసా వారు 2014లో ఒక చర్చాపత్రం తెచ్చి, ఇలాంటి సేవా ప్రయాణాలను ఎలా నియంత్రించాలో రకరకాల మార్గాలు అందులో పెట్టారు. పైలట్లు, ప్రజలు, రాజకీయ నాయకులు గొడవ చేస్తే ఆ ప్రయత్నం ఆగిపోయింది. మూడేళ్ళకు మౌంట్ గాంబియర్ జరిగింది. 2019 మార్చిలో ఈసారి ఉత్తర్వు వచ్చేసింది. ఉత్తర్వు మార్చిలో, విచారణ నివేదిక ఆగస్టులో! జి.ఓ. ముందు, ఎంక్వయిరీ రిపోర్టు వెనక. ఇది మన దగ్గరే జరుగుతుందనుకునేవాణ్ణి.

ఉత్తర్వులో ముఖ్యమైనవి చెబుతాను. ప్రైవేటు లైసెన్సున్న పైలట్‌కు మొత్తం 400 గంటల అనుభవం, అందులో 250 గంటలు తనే బాధ్యత వహించి నడిపినవి ఉండాలి. ఈమధ్య కాలంలో అలాంటి విమానం నడిపి ఉండాలి. రాత్రిపూట కంటిచూపు మీద ఆధారపడి నడపకూడదు. విమానాన్ని ప్రతి 100 గంటలకు గానీ ఏడాదికి గానీ తనిఖీ చేయించాలి.

సంస్థకు కోపం వచ్చింది. ఫెడరల్ కోర్టుకు వెళ్ళారు. సెనేట్ కమిటీ విచారణ కూడా జరిగింది. వాళ్ళ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. "ఈ నిబంధనలన్నీ అప్పుడే అమల్లో ఉన్నా ఆ రెండు ప్రమాదాలూ ఆగేవి కావు. రోగులకు మాత్రం పైలట్లు దొరకరు" అన్నారు. ఎసెండన్‌లో కలిసిన ఆ పళ్ళ డాక్టరుగారు మా అల్లుడి ద్వారా నాకు చెప్పించిన మాట మరొకటి: "నా మనవణ్ణి ఇదే విమానంలో ఎక్కించుకుంటే ఎవడూ అడగడు. రోగిని ఎక్కించుకుంటే మాత్రం గంటలు లెక్కపెడతారా?"

ఈ మాట నన్ను చాలారోజులు వెంటాడింది. నిజమే కదా అనిపించింది. తర్వాత తట్టింది. మనవడి తల్లికి తాతగారి సంగతి తెలుసు. ఆయన కళ్ళజోడు నంబరు తెలుసు, మొండితనం తెలుసు, వద్దనాలంటే "నాన్నా, ఇవాళ వద్దు" అనగలదు. రోగికి ఏం తెలుసు? ఆసుపత్రి వాళ్ళు ఫలానా సంస్థకు చెప్పారు, సంస్థ విమానం పంపింది. పెద్ద విమాన కంపెనీ లాంటిదే ఇదీ అనుకుంటుంది. విమాన కంపెనీ పైలట్‌కు పై అధికారి ఉంటాడు, వాతావరణం చూసే మనిషి ఉంటాడు, రెండో పైలట్ ఉంటాడు. ఇక్కడ ఒక్క మనిషి, ఒక్క ఇంజను. ఈ తేడా ఆమెకు ముందుగా, అర్థమయ్యేలా చెప్పాలి. అమెరికాలో 2007, 2008 సంవత్సరాల్లో ఇలాంటి సేవా ప్రయాణాల్లో కొన్ని ప్రాణాంతక ప్రమాదాలు జరిగాక, 2010లో అక్కడి రవాణా భద్రతా బోర్డు కోరిన వాటిలో ఇదొకటి: ఇది వాణిజ్య విమానం ప్రమాణాల్లో నడిచేది కాదని ప్రయాణికుడికి చెప్పండి అని. ఖర్చులేని సిఫార్సు. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది.

ఆస్ట్రేలియా విచారణ బ్యూరో నివేదికలో ఒక అంకె ఉంది. ఒక్కో ప్రయాణానికి లెక్కిస్తే, ఈ సేవా ప్రయాణాల్లో ప్రాణాంతక ప్రమాదాల రేటు మిగతా ప్రైవేటు ప్రయాణాల కంటే ఏడు రెట్లకు పైగా ఉందని. ఏడు రెట్లు అనగానే గుండె ఝల్లుమంటుంది. నేను గుమాస్తాని కాబట్టి పైన లవం ఎంత అని చూశాను. లవం రెండు. రెండు ప్రమాదాలు. ఒకటి తగ్గితే సగమైపోయే లెక్క అది. పైగా రోగిని ఎక్కించుకోవడానికి ఖాళీగా వెళ్ళేవి, దింపి ఖాళీగా తిరిగొచ్చేవి కలపలేదని సంస్థ అభ్యంతరం. ఆడిట్‌లో ఇలాంటి లెక్క నా బల్ల మీదకి వస్తే నేనూ ఒక ప్రశ్న రాసేవాణ్ణే. కానీ లెక్క తప్పయినా ఆరుగురు పోయింది నిజం. అందులో నలుగురు, తమంతట తాము ఏ విషయమూ తేల్చుకునే వీలు లేనివాళ్ళు.

గంటల నిబంధన మీద కూడా నా అభిప్రాయం చెబుతాను. ప్రభుత్వం ఎప్పుడూ లెక్కపెట్టగలిగిన దాన్నే అడుగుతుంది. గంటలు లెక్కపెట్టవచ్చు, తనిఖీ తారీఖు చూడవచ్చు. మేఘం చూసి "ఇవాళ వెళ్ళను" అనగల గుండె ధైర్యాన్ని ఏ రిజిస్టరులో రాస్తారు? మేం ట్రెజరీలో వోచరు నంబరు చూసేవాళ్ళం, సంతకం చూసేవాళ్ళం. రోడ్డు వేశారో లేదో చూసేవాళ్ళమా? అయినా వోచరు చూడడం మానెయ్యమని నేను అనను. వోచరు చూస్తే ఆగిన దొంగతనాలు నాకు తెలుసు. ఆ నిబంధనల్లో రాత్రి చూపు ప్రయాణాల నిషేధం మాత్రం హోర్షమ్ లాంటి దాని గుండెకాయను పట్టుకుంది. మిగతావి ఫరవాలేదు.

నివేదికలో నాకు బాగా నచ్చిన మాట నిబంధనల్లో లేదు. రెగ్యులరు విమాన సర్వీసు ఉన్నచోట రోగికి టిక్కెట్టు కొనివ్వడం గురించి సంస్థ ఆలోచించాలన్నారు. మౌంట్ గాంబియర్ నుంచి అడిలైడ్‌కు టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళే విమానాలు ఉన్నాయి. సొంత విమానం ఇంధనానికి పెట్టేదానితో కొన్నిసార్లు ఆ టిక్కెట్టే వస్తుంది. నిల్ లాంటి చిన్న ఊరికి అలాంటి సర్వీసు లేదు, అక్కడ ఈ పైలట్లే దిక్కు. కాబట్టి రెండూ ఉండాలి. కానీ దాత మనసు చూడండి. రోగిని తన విమానంలో తనే తీసుకువెళ్ళాలని ఉంటుంది. టిక్కెట్టుకు డబ్బిమ్మంటే అంత హుషారుండదు. ఇది ఆస్ట్రేలియా వాళ్ళ లోపం కాదు. అన్నదానానికి బియ్యం బస్తా ఇచ్చేవాళ్ళకంటే గరిటె పట్టుకుని వడ్డించేవాళ్ళే మన దగ్గరా ఎక్కువ.

ఇప్పుడు పెట్రోలు డబ్బు సంగతి. ఇది మీ అందరికీ సులభంగా అర్థమవుతుంది, ఎందుకంటే మనమంతా టి.ఎ. బిల్లులు పెట్టినవాళ్ళమే. ఫండమెంటల్ రూల్ 44 గుర్తుందా? భత్యం అనేది పుచ్చుకున్నవాడికి లాభసాటి కాకూడదు. ఖర్చు ఖర్చే, సంపాదన సంపాదనే. అమెరికా వారి విమాన శాఖ ఈ గీతను ఇంకా గట్టిగా గీసింది. ప్రైవేటు పైలట్ ప్రతిఫలం పుచ్చుకోరాదు. ప్రయాణికులతో కలిసి వెళితే ఇంధనం, ఆయిలు, విమానాశ్రయం రుసుము, అద్దె, వీటిలో తన వంతు తను పెట్టుకోవాలి. తన వంతు కన్నా తక్కువ పెట్టుకున్నాడా, తేడా ప్రతిఫలం కిందికి వస్తుంది. ఇంకొకరి డబ్బుతో ఎగిరి తన అనుభవం గంటలు పెంచుకున్నా అదీ ప్రతిఫలమే అంటారు! ఈ లెక్కన, రోగి కోసం ఎగిరిన పైలట్‌కు సంస్థ ఇంధనం డబ్బిస్తే ఆయన కిరాయి పైలట్ అయిపోతాడు. మరీ అన్యాయం కదా అని మినహాయింపులు ఇచ్చుకుంటూ వచ్చారు. చివరికి 2012లో అమెరికా కాంగ్రెసు విమానయాన చట్టంలో, ధర్మార్థ వైద్య ప్రయాణాలు చేసే వాలంటీరు పైలట్లకు ఇంధనం ఖర్చు ఇప్పించే వీలు ప్రత్యేకంగా చేర్చవలసి వచ్చింది. ధర్మ సంస్థల కోసం ఊరిపై తిప్పి చూపించే విహార ప్రయాణాలకు మళ్ళీ వేరే నియమం. ప్రైవేటు పైలట్ అయితే 500 గంటల అనుభవం ఉండాలి, బయలుదేరిన చోటు నుంచి 25 మైళ్ళు దాటకూడదు.

మన దేశంలోనూ ప్రైవేటు పైలట్ లైసెన్సున్నవాడు కిరాయికి ఎగరకూడదు. కానీ సొంత విమానమున్న పెన్షనరు మనలో ఎవరూ లేరు కాబట్టి కార్ల దగ్గరకు వస్తాను.

తెల్ల నంబరుప్లేటు కారుకు మనం కట్టే ఇన్సూరెన్సు కాగితం ఇంటికెళ్ళి తీసి చూడండి. చిన్న అక్షరాల్లో ఉంటుంది. కిరాయికి గానీ ప్రతిఫలానికి గానీ వాడితే ఆ పాలసీ వర్తించదు. జబ్బు మనిషి దగ్గర వెయ్యి రూపాయలు "పెట్రోలుకు" అని తీసుకుంటే అది ఖర్చా, కిరాయా? మనకు ఖర్చే. ప్రమాదం జరిగాక కంపెనీ లాయరు దాన్ని ఏమంటాడో ఆలోచించండి. మన దగ్గర అమెరికాలో లాగా దీనికోసం చేసిన ప్రత్యేక చట్టం లేదు. ఇంకొకటి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్న సొంత బండిలో ఉచితంగా ఎక్కినవారికి ఆ పాలసీ కింద పరిహారం రాదని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. ప్యాకేజీ పాలసీ అయితే లోపల కూర్చున్నవారికి వర్తిస్తుంది. కారు పాతదైందని, ఏడాదికి నాలుగు వేలు మిగులుతాయని థర్డ్ పార్టీతో సరిపెట్టుకున్న సభ్యులు మనలో ఎందరున్నారో చేతులెత్తమని అడగను. నేనూ అలా సరిపెట్టుకున్నవాణ్ణే. ఇది నా మొదటి అభ్యంతరం.

రెండో అభ్యంతరం చెప్పడానికి నేను ఒకరి అనుమతి తీసుకోవలసి వచ్చింది. ఆయన ఈ హాల్లోనే ఉన్నారు. పేరు చెప్పను.

కొన్నేళ్ళ క్రితం, డిసెంబరు నెల. మా ఆవిడకు కంటి ఆపరేషన్ అయి చూపించుకోవడానికి విజయవాడ వెళ్ళాలి. తొమ్మిదింటికి టోకెను. నేను బస్సులో వెళతామంటే మా మిత్రుడు ఒప్పుకోలేదు. "చెల్లెమ్మని బస్సులో తిప్పుతావా, నేను లేనా?" అన్నాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు కారు తెచ్చాడు. పెట్రోలు డబ్బు ఇవ్వబోతే తిట్టాడు. హైవే ఎక్కాక పొగమంచు. ముందు పల్చగా, తర్వాత తెర దించినట్టు. అద్దం దించి, రోడ్డు మీద తెల్ల గీత చూసుకుంటూ నడుపుతున్నాడు. నేను ముందు సీట్లో ఉన్నాను. ఎక్కడైనా ఆపుదాం అని నోటిదాకా వచ్చింది. మూడింటికి లేచి, చలిలో, ఒక్క రూపాయి పుచ్చుకోకుండా వచ్చిన మనిషితో "నువ్వు నడపలేవు, ఆపు" అని ఎలా అంటాను? టాక్సీ డ్రైవరైతే అరిచి ఆపించేవాణ్ణి. వెనక సీట్లో మా ఆవిడ రాములవారిని తలుచుకుంటోంది. ఆవిడా అడగలేదు. ఆ తర్వాత మిత్రుడు నాతో అన్నాడు, "నాకూ ఆపాలనే ఉందిరా. చెల్లెమ్మకి టోకెను పోతుందని ఆపలేదు" అని. ముగ్గురికీ ఆపాలనే ఉంది. ముగ్గురమూ ఒకరి మర్యాద కోసం ఒకరం నోరు మూసుకుని అరవై కిలోమీటర్ల వేగంతో పోతున్నాం.

లైట్లు లేకుండా రోడ్డు పక్కన ఆగిన లారీ. చివరి క్షణంలో తిప్పాడు కాబట్టి ఎడమ పక్కంతా గీసుకుంటూ పోయింది. నాకు దెబ్బలు లేవు. మా ఆవిడకు మణికట్టు విరిగింది. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా మడవదు, జడ నేను వేస్తున్నాను. మిత్రుడు మూడు నెలలు మా ఇంటి వీధిలోకి రాలేదు. మా ఆవిడే కబురు పెట్టింది, "అన్నయ్యగారిని కాఫీకి రమ్మనండి" అని. వచ్చి మాట్లాడకుండా తాగి వెళ్ళాడు. ఈ సంగతి మళ్ళీ మా మధ్య మొన్నటిదాకా రాలేదు. ఈ ప్రసంగం కోసం అడిగితే, ఒక నిమిషం ఊరుకుని, "చెప్పు, అందరికీ చెప్పు" అన్నాడు.

మౌంట్ గాంబియర్ సంగతి విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ కారే. నేలమీది మేఘం, డాక్టరు అపాయింట్‌మెంటు, దూరం నుంచి శ్రమపడి వచ్చిన దాత, కాదనలేని తల్లి. నివేదికలో ఆ ఒత్తిడికి ఏవో శాస్త్రీయమైన పేర్లు పెట్టారు. నాకు తెలిసిన పేరు మొహమాటం. కిరాయి బండిలో మొహమాటం ఉండదు. ధర్మానికి వచ్చిన బండిలోనే ఉంటుంది.

అందుకని తీర్మానాన్ని రద్దు చెయ్యమని నేను అనడం లేదు. దానికి సవరణలు తెచ్చాను. బండి నడిపే సభ్యుడూ, ఎక్కే సభ్యుడూ కాకుండా మూడో మనిషి ఒకరు "ఇవాళ వెళ్ళవద్దు" అనే అధికారంతో ఉండాలి. ప్రయాణం రోజు తెల్లవారుజామున ఆయన ఫోను చేసి వాతావరణం, నడిపేవారి ఒంట్లో సంగతి కనుక్కుంటారు. ఆయన వద్దంటే ఇద్దరిలో ఎవరికీ మాట రాదు. ఆ పని నేను చేస్తాను, నాకెలాగూ నాలుగింటికి మెలకువ వస్తుంది, నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు. తెల్లవారక ముందు, పొద్దుగూకిన తర్వాత మన బండ్లు హైవే ఎక్కకూడదు. ఎక్కేవారి దగ్గర పెట్రోలుకని ఒక్క పైసా తీసుకోకూడదు. సంఘం నిధి నుంచి ఇవ్వవచ్చా అన్నది ముందుగా ఇన్సూరెన్సు కంపెనీని రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాకే నిర్ణయించాలి. వారు వద్దంటే పెట్రోలుకు అనుకున్న ఆ డబ్బును, బండి వెళ్ళలేని రోజున జబ్బు సభ్యులకు బస్సు టిక్కెట్టుకో పసుపు ప్లేటు టాక్సీకో ఇద్దాం. టోకెను పోతే మర్నాడు తీసుకోవచ్చు. ఎక్కేవారికి, ఇది సభ్యుడి సొంత కారు, నడిపేవారి వయసు ఇంత, పాలసీ ఇది అని ఒక కాగితం మీద రాసి ముందురోజే చదివి వినిపించాలి.

నడుపుతామని పేరిచ్చిన పదకొండుమంది సభ్యులు తమ డ్రైవింగ్ లైసెన్సు, పాలసీ కాపీలు, ఈ ఏడాది కళ్ళు చూపించుకున్న చీటీ ఈ నెలాఖరులోగా కోశాధికారి గారికి అందజేయవలసిందిగా కోరుతున్నాను. పదకొండుమందిలో మొదట పేరిచ్చింది ఆ మిత్రుడే. ఆయన కాగితాలు నిన్ననే నా చేతికిచ్చాడు. ప్యాకేజీ పాలసీయే. నా పాలసీ కూడా మార్పించాను, రసీదు ఇదిగో.